ఇన్ని ఫిరంగులు ఉండి కూడా బంకర్ దగ్గరికి మనిషే ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?

#1 | రాత్రిచదువరి
అందరికీ నమస్కారం. నెల రోజులుగా రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, న్యూగినీ పోరాటాల గురించి చదువుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను. జపాన్ వాళ్ల బంకర్లు చూస్తే మట్టి, దుంగలు. సిమెంటు కూడా లేదు. ఇటు పక్కన విమానాలున్నాయి, ఫిరంగులున్నాయి. అయినా ప్రతిచోటా చివరికి ఎవరో ఒక సాపర్, అంటే సైన్యంలో ఇంజనీరు పని చేసే సైనికుడు, మందుగుండు మూట పట్టుకుని పాక్కుంటూ వెళ్లి, బంకర్ కంతలో పెట్టి రావాల్సిందే. దూరం నుంచే కొట్టి పడేయొచ్చు కదా? ఇది పై అధికారుల బుర్ర తక్కువతనమా, లేక నాకు అర్థం కానిది ఇంకేమైనా ఉందా?

#2 | మొద్దురంపం
"మట్టి, దుంగలు" అని అంత తేలిగ్గా తీసిపారేయకండి. కొబ్బరి చెట్టు పీచు మాను. గుండు తగిలితే గుంట పడుతుంది గానీ నిలువునా చీలదు. దాని మీద నాలుగు వరసలు పేర్చి మట్టి కప్పితే మామూలు మోర్టారు గుండు పైన పేలి ఊరుకుంటుంది. లోపలున్న వాడికి చెవులు గింగురుమంటాయి, అంతే.

#3 | పటాలపెట్టె
మొద్దురంపం గారు చెప్పింది నిజం. బునా సంగతి కాస్త వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

బునా అంటే న్యూగినీలో పాపువా ఉత్తర తీరం. 1942 నవంబరు నుంచి 1943 జనవరి దాకా అక్కడ పోరు. అమెరికా 32వ డివిజన్, ఆస్ట్రేలియా బలగాలు ఒక పక్క, జపాన్ వాళ్లు ఇంకో పక్క. ఆ నేల చిత్తడి. మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. అందుకని బంకర్‌ని లోతుకు దించలేక నేల మీదే లేపారు. కొబ్బరి మొద్దులతో గోడలు, పైకప్పు. గోడల వెంట ఇసుక నింపిన నూనె డ్రమ్ములు, మందుగుండు పెట్టెలు. మొత్తం మీద మట్టి, ఆ మట్టి మీద త్వరగా పెరిగే మొక్కలు. నెల తిరిగేసరికి అది బంకర్‌లా ఉండదు, పొదలు మొలిచిన దిబ్బలా ఉంటుంది. కాల్చే కంత సన్నగా, నేలకు దగ్గరగా ఉంటుంది. దాని ముందు నాలుగు ఆకులు వేలాడుతుంటే పది గజాల నుంచి కూడా కనపడదు.

ఇప్పుడు ఫిరంగి సంగతి. బునాలో మొదట్లో ఫిరంగులే అరకొర. పెద్దది, అంటే 105 మిల్లీమీటర్ల హోవిట్జర్, ఒకే ఒకటి ఉండేది. మిగతావి చాలావరకు 25 పౌండ్ల గుండు వేసే రకం. తగలగానే పేలే ఫ్యూజు పెడితే గుండు పైకప్పు మీద పేలి మట్టి లేపుతుంది, అంతే. కాస్త ఆగి పేలే ఫ్యూజు ఉంటేనే లోపలికి దిగుతుంది. ఆ ఫ్యూజులు చాలినన్ని లేవు.

ఇక విమానాలు. అడవిలో మనవాడికీ ఎదుటివాడికీ మధ్య యాభై గజాలే. పైనుంచి పైలట్‌కి కనపడేది కొబ్బరి తలలు మాత్రమే. బునాలో సొంత విమానాల బాంబులు సొంత సైనికుల మీదే పడిన సందర్భాలున్నాయి.

#4 | రాత్రిచదువరి
ఫ్యూజు సంగతి నాకు తెలియదు, థాంక్స్ అండీ. అయితే అధికారుల తప్పేమీ లేదంటారా?

#5 | పటాలపెట్టె
అలా అనలేదు. 1942 నవంబరు 30న అక్కడి మిత్రసేనల అధిపతి మెకార్థర్ తన కింది జనరల్ ఐకెల్‌బర్గర్‌ని పిలిచి, బునా పట్టుకో, లేదా ప్రాణాలతో తిరిగి రాకు అన్న అర్థంలో చెప్పి పంపాడు. మెకార్థర్ మాత్రం బునా యుద్ధరంగం వైపు తొంగి చూడలేదు. పై నుంచి వచ్చే తొందరకు కింద మూల్యం ఎవరు కట్టారో డిసెంబరు 5 చూస్తే తెలుస్తుంది. ట్యాంకులు ఇంకా రాలేదని ఐదు బ్రెన్ క్యారియర్లను ముందుకు పంపారు. క్యారియర్ అంటే పైకప్పు లేని ఇనుప బండి. అరగంటలోపే ఐదూ ఆగిపోయాయి.

#6 | హవల్దార్‌తాత
నాయనలారా, నేను సాపర్‌గా పని చేసి రిటైరైన వాణ్ని. మీరు మాట్లాడే యుద్ధం నాటికి నేను పుట్టనే లేదు. కానీ పని అదే, పాఠం అదే. మా ఉస్తాదులకు, అంటే మాకు పాఠం చెప్పినవాళ్లకు, నేర్పిన వాళ్లలో బర్మాలో పనిచేసినవాళ్లు ఉండేవారు. కాబట్టి దగ్గర నుంచి చెప్తాను, వినండి.

బంకర్ పేల్చడం అనగానే జనం సాపర్ ఒక్కణ్నే ఊహించుకుంటారు. అది తప్పు. ఒక్క బంకర్ మీద పది పన్నెండు మంది పని చేస్తారు. ఇద్దరు ముగ్గురు బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్ గన్) పట్టుకుని కంత వైపు ఆపకుండా కాలుస్తూ ఉంటారు. లోపలివాణ్ని చంపడానికి కాదు, వాడు కంత దగ్గరికి ముఖం తేకుండా ఉండటానికి. ఇంకొకడు పొగ వేస్తాడు. ఇంకొందరు పక్క బంకర్ మీద కన్నేసి ఉంటారు. ఎందుకంటే అసలు ప్రాణగండం పక్క బంకరే. ఏ బంకరూ తనను తాను కాపాడుకోదు. ఎడమది కుడిదాని ముంగిట కాలుస్తుంది, కుడిది ఎడమదాని ముంగిట. నువ్వు ఒకదాని కంత వైపు చూస్తూ పాకుతుంటే నిన్ను కొట్టేది నువ్వు చూడనిది.

ఇంత ఏర్పాటూ అయ్యాక ఇద్దరు సాపర్లు బయల్దేరతారు. ఒకడి చేతిలో మూట, రెండోవాడు వాడి వెనకాల ఐదారు గజాల దూరంలో. రెండోవాడు ఎందుకు? మొదటివాడు పడిపోతే మూట అందుకోవడానికి. ఈ మాట పుస్తకాల్లో మామూలుగా రాసేస్తారు. క్లాసులో మా ఉస్తాదు మమ్మల్ని జతలుగా నిలబెట్టి, "నువ్వు ఒకటో నంబరు, నువ్వు రెండో నంబరు" అని వేలు పెట్టి చూపించినప్పుడు నా పక్కన ఉన్నవాడి ముఖం నేను మరిచిపోలేదు. నేను రెండో నంబరు.

ఇక మూట. బర్మాలో గన్‌కాటన్ అనే పేలుడు మందు పలకలు వాడేవారు. ఆ తర్వాత 808 అని పిండి ముద్దలా ఉండేది వచ్చింది. బాదం పప్పు వాసన. దాన్ని చేత్తో పిసికితే సాయంత్రానికి కణతలు పగిలిపోయేంత తలనొప్పి. అందులోని నైట్రోగ్లిజరిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి రక్తనాళాలను ఉబ్బిస్తుంది. చేతులు సరిగ్గా కడుక్కోకుండా నుదురు తుడుచుకుంటే ఇంకా ఎక్కువ. సాపర్‌కి యుద్ధంలో మొదటి దెబ్బ తన సొంత మందు నుంచే తగిలేది.

#7 | ఇనుపగొలుసు
తాతగారికి గౌరవంతోనే ఒక మాట. సాపర్ల ధైర్యం మీద నాకు ఎదురు లేదు. కానీ బంకర్లను నిజంగా విరిచింది ట్యాంకులే. బునాలో 1942 డిసెంబరు 18న ఆస్ట్రేలియా వాళ్ల స్టువర్ట్ ట్యాంకులు దిగాక గానీ తూర్పు పక్క లైను కదల్లేదు. అంతకు ముందు నాలుగు వారాలు మనిషి తర్వాత మనిషిని పంపారు, ఏం ఒరిగింది? మంటలు చిమ్మే యంత్రం తెచ్చారు, అదీ డిసెంబరు 8న మొరాయించింది. కాస్త దూరం కారి ఆగిపోయింది. ట్యాంకు ఉంటే మూట ఎందుకు?

#8 | పటాలపెట్టె
ఇనుపగొలుసు గారూ, మరి డోన్‌బైక్ సంగతేంటి? బర్మా పడమటి అంచున అరకాన్ తీరంలో, 1943 ఫిబ్రవరిలో ఎనిమిది వాలెంటైన్ ట్యాంకులు పంపారు. కాలువ గట్లలో కూరుకుపోయీ, దెబ్బలు తినీ ఆ దాడి నీరుగారిపోయింది. అక్కడి బంకర్లు మార్చి దాకా ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన దాడులన్నింటినీ తట్టుకుని నిలబడ్డాయి. ఇంకో సంగతి: మనవాళ్లు బంకర్ పైకప్పు ఎక్కేసరికి జపాన్ ఫిరంగులు ఆ బంకర్ మీదే గుండ్లు కురిపించేవి. లోపలివాళ్లకు కప్పు ఉంది, పైనున్నవాళ్లకు లేదు. ఎంత దారుణమైన తెలివో చూడండి.

#9 | ఇనుపగొలుసు
ఎనిమిది ట్యాంకులు పంపితే అలాగే అవుతుంది. బర్మాలో బ్రిటిష్ సేనల్ని నడిపిన జనరల్ స్లిమ్ ఆ తర్వాత చెప్పింది కూడా అదే కదా: ఎక్కువ వాడితే తక్కువ పోతాయి. 1944లో అరకాన్‌కి తిరిగి వచ్చినప్పుడు 25వ డ్రాగూన్లు అనే ట్యాంకు రెజిమెంటు లీ ట్యాంకులతో చేసిన పద్ధతి చూడండి. నాకు ఈ మొత్తం చర్చలో ఎక్కువ నచ్చేది అదే. ముందు తగలగానే పేలే గుండ్లు, వాటితో బంకర్ ముందున్న పొదలు ఊడ్చుకుపోతాయి. అప్పుడు దిబ్బ కనపడుతుంది. తర్వాత ఆగి పేలే గుండ్లు, వాటితో మట్టి, దుంగలు కదిలిపోతాయి. ఆఖర్న, మన కాల్బలం పదిహేను గజాల్లోకి వచ్చేసరికి, పేలకుండా నేరుగా దూసుకుపోయే గట్టి ఇనుప గుండ్లు. పేలవు కాబట్టి ముక్కలు ఎగిరి మనవాళ్లకు తగలవు. కంతలోకి మాత్రం దూరతాయి. కాల్బలం ఆ గుండ్ల పక్కనే నడుచుకుంటూ బంకర్ దాకా వెళ్తుంది. మూట అక్కర్లేదు, తాతగారూ.

#10 | హవల్దార్‌తాత
ఈ పద్ధతి మాకూ చెప్పారు బాబూ. చాలా గొప్ప పద్ధతి. ఒక్క ప్రశ్న అడగనా? ఆ ట్యాంకుకి దారి ఎవరు వేశారు?

#11 | ఇనుపగొలుసు
😄 సరే తాతగారూ, అది మీ ఖాతాలోనే వేస్తున్నాను.

#12 | పటాలపెట్టె
నవ్వులాట కాదు, నాగా కొండల్లోని కోహిమాలో సరిగ్గా అదే జరిగింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు గురించి అందరూ వినే ఉంటారు. కోర్టుకు ఒక పక్క మనవాళ్లు, ఇంకో పక్క జపాన్ వాళ్లు, మధ్యలో చేతి బాంబులు అటూ ఇటూ ఎగిరేవి. 1944 ఏప్రిల్ మొదట్లో ముట్టడి మొదలైంది. ఏప్రిల్ మూడో వారంలో ముట్టడి వీడింది గానీ కోర్టు పక్క బంకర్లు మే 13 దాకా కదల్లేదు. సమస్య బంకర్ల బలం మాత్రమే కాదు, కొండ వాలు. దాదాపు ఐదు వేల అడుగుల ఎత్తున, మెట్లు మెట్లుగా చెక్కిన కొండ, పైన వాన. ట్యాంకు పైకి ఎక్కదు, ఎక్కినా జారుతుంది. ఇంజనీర్లు బుల్డోజర్‌తో దారి కోస్తూ కోస్తూ చివరికి ఒకే ఒక్క లీ-గ్రాంట్ రకం ట్యాంకును కోర్టు పై మెట్టుకు చేర్చారు. అక్కణ్నుంచి అది టెన్నిస్ కోర్టు మీదికి దిగింది. 75 మిల్లీమీటర్ల ఫిరంగితో ఇరవై ముప్పై గజాల నుంచి కంతల్లోకి కాల్చింది. వెనకే డోర్సెట్ రెజిమెంటు మనుషులు. మిగిలిన వాటిని కర్ర చివర కట్టిన మందుతో ఒక్కొక్కటిగా ముగించారు.

అంటే ఇనుపగొలుసు గారిదీ తాతగారిదీ ఒకే మాట అని నేననను. ట్యాంకు వెళ్లగలిగిన చోట ట్యాంకే మేలు. కానీ కోహిమా, అరకాన్, బునా మూడింట్లోనూ ట్యాంకు వెళ్లలేని బంకర్లు ఉండేవి.

#13 | చిన్నకంచె
నాదో చిన్న డౌట్. బంకర్లు పేల్చడానికి వాడింది బెంగళూరు టార్పెడో కదా? అది మన బెంగళూరులోనే పుట్టిందని విన్నాను.

#14 | హవల్దార్‌తాత
పుట్టింది బెంగళూరులోనే. 1912లో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో ఉన్న కెప్టెన్ మెక్లింటాక్ తయారు చేశాడు. కానీ అది బంకర్ కోసం కాదమ్మా. ముళ్లకంచె కోసం. పొడవాటి గొట్టాలు, ఒకదానికొకటి తగిలించుకుంటూ కంచె కిందికి తోస్తూ పోవచ్చు. మనిషి గుంటలో ఉండగానే గొట్టం కంచె అవతలికి చేరుతుంది. పేలితే దారి పడుతుంది. బంకర్‌కి దాంతో పని లేదు, కాకపోతే బంకర్ దగ్గరికి వెళ్లాలంటే కంచె దాటాలి. మా రెజిమెంటల్ సెంటర్ ఉన్న ఊరి పేరు ప్రపంచంలో ప్రతి సైన్యం నోట్లోనూ నానుతుంది అంటే అది ఈ గొట్టం వల్లే.

మద్రాస్ సాపర్లలో తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు, కన్నడిగులు అందరూ ఉంటారు. బయటివాళ్లు మాత్రం ఊరూ పేరూ చూడకుండా అందర్నీ "తంబీ" అనే పిలుస్తారు. నన్నూ అలాగే పిలిచారు.

#15 | రాత్రిచదువరి
కర్ర చివర కట్టిన మందు అన్నారు కదా పటాలపెట్టె గారు. అది ఎలా పనిచేసేది? చేత్తో విసరకుండా కర్ర ఎందుకు?

#16 | హవల్దార్‌తాత
విసిరితే కంతలో పడదు. కంత జానెడు ఎత్తు. మూట పెద్దది. గోడకు తగిలి కిందపడి బయటే పేలుతుంది. అందుకే వెదురు కర్ర. కర్ర చివర మూట, కర్ర పొడవునా ఫ్యూజు, అంటే మెల్లగా కాలే తాడు. బంకర్ పక్కకు, అంటే కంత ముందు కాదు, కంత పక్కన గోడకు ఆనుకుని, కర్రను వంచి కంతలోకి తోయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. లోపలివాడూ మనిషే, వాడికీ చేతులున్నాయి. లోపలికి వచ్చిన కర్రను వాడు బయటికి తోస్తాడు. కొన్ని సెకన్లు అటువాడు తోయడం, ఇటువాడు తోయడం. అందుకే ఫ్యూజు పొట్టిగా ఉండాలి, వాడికి తోసే టైమ్ ఇవ్వకూడదు. మరీ పొట్టిగా ఉంటే మనవాడికి పక్కకు దొర్లే టైమ్ ఉండదు.

ఆ కొలత వానాకాలంలో ఇంకా కష్టం. తేమ పట్టిన ఫ్యూజు ఒకసారి ఒకలా కాలుతుంది, ఇంకోసారి ఇంకోలా. అందుకని రోజూ పొద్దున్నే ఫ్యూజు చుట్ట మొదటి కొస కోసి పారేసేవారు, గాలి తగిలేది ఆ కొసకే కాబట్టి. తర్వాత ఒక ముక్క కాల్చి, గడియారం చూసుకుని, ఇవాళ ఈ చుట్ట ఇంత వేగంతో కాలుతుంది అని రాసుకునేవారు. మేము కూడా అలాగే చేసేవాళ్లం. నేను చూసిన సైన్యంలో అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉండే సమయం అది. ఇరవై మంది గుండ్రంగా కూర్చుని చిన్న తాడు ముక్క కాలడం చూస్తూ ఉంటారు.

#17 | వేడివేడి
ఎంత బరువు మందు, దేనికి కడితే బాగా పేలుతుంది

#18 | మోడరేటర్
వేడివేడి గారూ, ఇక్కడ ఆ వివరాలు వద్దు. చరిత్ర వరకే ఉందాం. దీని కింద వచ్చిన రెండు జవాబులు తీసేశాను. చర్చ కొనసాగించండి.

#19 | నీటిపొద్దు
ఇంతసేపూ చదువుతున్నాను, ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. లోపలున్నవాళ్ల సంగతి? కంతలోంచి మంట చిమ్మడం, పేల్చి మూత పెట్టేయడం. జపాన్ దీవి ఒకినావాలో అమెరికా జనరల్ బక్నర్ దీనికి పేరే పెట్టాడు, బ్లోటార్చ్, కార్క్‌స్క్రూ అని. మంట ఒకటి, మందుగుండు ఒకటి. వంటింట్లో, పనిముట్ల పెట్టెలో ఉండే వస్తువుల పేర్లు మనుషుల మీద వాడేదానికి పెట్టడం నాకు ఒళ్లు జలదరిస్తుంది. మీరంతా టెక్నిక్ గురించి ఎంత ముచ్చటగా మాట్లాడుతున్నారో ఒకసారి పైకెళ్లి చదువుకోండి.

#20 | ఇనుపగొలుసు
నా పోస్టు మళ్లీ చదివాను. "నాకు ఎక్కువ నచ్చేది" అన్న మాట బాలేదు, ఒప్పుకుంటాను. కానీ బయటికి రమ్మంటే వచ్చేవాళ్లు కాదు కదా. లొంగిపోవడం వాళ్ల సైన్యంలో అసలు పనికిరాని మాట. బంకర్‌ని వదిలి ముందుకు వెళ్తే వెనక నుంచి కాల్చేవాళ్లు. వేరే దారి ఏముంది?

#21 | పటాలపెట్టె
ఇక్కడ ఒక్క పేరు చెప్పాలి. కెప్టెన్ జాన్ రాండిల్, నార్‌ఫోక్ రెజిమెంటు, కోహిమా, 1944 మే 6. అప్పటికే గాయాలతో ఉన్నాడు. ఎదురుగా ఒక బంకర్‌ మెషిన్ గన్ తన కంపెనీని కోస్తోంది. ఒంటరిగా దాని మీదికి పరుగెత్తి, కంతలోంచి గ్రెనేడు లోపల వేసి, తన ఒంటితో ఆ కంతను మూసి పడిపోయాడు. చనిపోయాక విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) ఇచ్చారు. మూట లేదు, ట్యాంకు లేదు. అతను మూసిన ఆ కంతకు అవతలి పక్కన ఉన్నవాళ్ల పేర్లు మనకు తెలియవు. నీటిపొద్దు గారు అడిగింది దాని గురించేననుకుంటా. నా దగ్గర జవాబు లేదు.

#22 | సొరంగంమూల
వియత్నాం సంగతి ఎవరూ ఎత్తలేదు, కాస్త కలుపుతాను. అక్కడ బంకర్ల పని ఎక్కువగా దాడి సమయంలో కాదు, దాడి అయ్యాక. అడవిలో ఒక బంకర్ల వరస పట్టుకుంటారు, ఖాళీగా ఉంటుంది. వదిలేసి వెళ్తే వారంలో ఎదుటివాళ్లు మళ్లీ వచ్చి కూర్చుంటారు. అందుకని ఇంజనీర్లు ఒక్కొక్కటీ పేల్చుకుంటూ పోవాలి. డజన్ల కొద్దీ ఉంటాయి, మోసుకొచ్చిన మందు సరిపోదు. ఈ పనిలో హీరోలు లేరు, చెమట, వీపు నొప్పి మాత్రమే.

సొరంగాల విషయంలో ఇంకో మలుపు. 1966 జనవరిలో కూచి దగ్గర ఆపరేషన్ క్రింప్. అప్పటిదాకా సొరంగం కనిపిస్తే మూతి పేల్చేసి ముందుకు పోయేవారు. ఆస్ట్రేలియా వాళ్ల 3 ఫీల్డ్ ట్రూప్ ఇంజనీర్లు మాత్రం పిస్టలు, టార్చిలైటు పట్టుకుని లోపలికి దిగారు. పేల్చేస్తే పోయేవి అక్కడ దొరికాయి: కాగితాలు, పటాలు, మందులు, ఆయుధాలు. ఆ పనిలోనే ఒక కార్పొరల్ ఇరుకులో చిక్కుకుని ఊపిరాడక చనిపోయాడు. అంటే ఇంజనీరు పని ఎప్పుడూ పేల్చడమే కాదు, కొన్నిసార్లు పేల్చకపోవడం.

#23 | మొద్దురంపం
మంచి చర్చ. బర్మాలో సాపర్లను అడిగితే బంకర్ల గురించి అసలు చెప్పకపోవచ్చు, వంతెనల గురించి చెబుతారు. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చిండ్విన్ నది మీద 1154 అడుగుల బెయిలీ వంతెన (ఇనుప భాగాలు తగిలించి త్వరగా కట్టేది) వేశారు. వాళ్ల రోజుల్లో ఎక్కువ భాగం బురదలో, దారుల మీదే గడిచింది. బంకర్ దగ్గర గడిచేది కొన్ని నిమిషాలు.

#24 | రాత్రిచదువరి
అందరికీ ధన్యవాదాలు. బుర్ర తక్కువతనం అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం మెకార్థర్ కోసం ఉంచుకుంటాను.

తాతగారూ, చివరిగా ఒకటి. ఫ్యూజు వెలిగించాక వెనక్కి ఎలా వస్తారు? సినిమాల్లో చూపించినట్టు పరుగేనా?

#25 | హవల్దార్‌తాత
కాదు నాయనా. ట్రైనింగులో మొదటి రోజే చెప్తారు: వెలిగించాక నడువు, పరుగెత్తకు. పరుగెత్తితే పడతావు, పడితే కాలు మెలికపడుతుంది, మందు పక్కనే కూర్చుండిపోతావు. యుద్ధంలో కంత ముందు అది కుదరదు, దొర్లుకుంటూ ఎలాగోలా రావాలి. మైదానంలో మాత్రం నడకే.

#26 | రాత్రిచదువరి
మీరెప్పుడైనా పరుగెత్తారా?

#27 | హవల్దార్‌తాత
ఒకే ఒక్కసారి. మొదటిసారి సొంతంగా వెలిగించినప్పుడు. చేతిలో ఆ బుసబుస వినపడగానే పాఠమంతా మర్చిపోయి లగెత్తాను. పది అడుగులు కూడా వేయలేదు, గడ్డి దుబ్బు తగిలి బోర్లా పడ్డాను. తల తిప్పి చూస్తే ఉస్తాదు గుంటలోంచి గడియారం చూసుకుంటున్నాడు. కేక వేయలేదు, కసరలేదు. "ఇంకా నిమిషం నర ఉంది, తంబీ" అన్నాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని, నడుచుకుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ నిమిషం నరలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.